పుట్టగొడుగుల బెడ్లలో ఆకుపచ్చ బూజు: మందు సంగతి వదిలి గడ్డి సంగతి చూడండి

ప్రశ్న: ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాను. ఒకేసారి తెచ్చిన పుట్టగొడుగు విత్తనం, అంటే స్పాన్‌తో మొదటి రోజు 20 బెడ్లు (గడ్డి, స్పాన్ నింపిన సంచులు), మర్నాడు 20 బెడ్లు వేశాను. మొదటి 20 తెల్లగా అల్లుకున్నాయి. రెండో విడతలో 13 బెడ్లకు అడుగు నుంచి ఆకుపచ్చ బూజు పట్టింది. ఆ విడత గడ్డి కాస్త వానకు తడిసింది. మందుల షాపు ఆయన చెబితే గడ్డి నానబెట్టే నీటిలో కార్బెండజిమ్ (తెగుళ్ల మందు), ఫార్మలిన్ (క్రిములను చంపే ద్రావణం) రెట్టింపు పోశాను. దిగుబడి కోసమని 10 కిలోల గడ్డికి కిలో తవుడు కూడా కలిపాను. స్పాన్ నాసిరకమా? బూజుకు ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, మెదక్ జిల్లా

జవాబు: స్పాన్ చెడిపోయి ఉంటే మొదటి 20 బెడ్లు కూడా అల్లుకునేవి కావు. తప్పు గడ్డిలో ఉంది, తవుడులో ఉంది, బెడ్లలో మిగిలిపోయిన నీటిలో ఉంది. బూజు అడుగు నుంచి మొదలైందంటే సంచి కింద నీరు నిలిచిందన్నమాటే.

ఈ బూజు ట్రైకోడెర్మా. మీరు విత్తనశుద్ధికి, పశువుల ఎరువులో కలపడానికి వాడే శిలీంద్రం కూడా ఆ జాతిదే. ఆ పొడి ప్యాకెట్లు పెంపకం గదిలో ఉంటే ఈ రోజే తీసేయండి. గడ్డి సరిగ్గా శుద్ధి కాకుండా తవుడు కలిపితే మీ స్పాన్ కంటే ముందు ఈ ఆకుపచ్చ బూజే ఎదుగుతుంది. పైగా తవుడు వల్ల బెడ్డు లోపల వేడి పెరుగుతుంది. కొత్తగా పెంచేవాళ్లు తవుడు జోలికి పోకపోవడమే మంచిది.

బెడ్ల మీద ఏ మందూ కొట్టవద్దు. కొన్నాళ్లకు కోసి జనం తినేది అది. సగం పచ్చబడిన సంచులను విప్పకుండా, దులపకుండా బయటికి తీసుకెళ్లి దూరంగా పాతిపెట్టండి. చిన్న మచ్చలున్నవి వేరే గదిలో పెట్టండి. ముందు మంచి బెడ్ల పని ముగించుకుని, చివర్లోనే వాటి దగ్గరికి వెళ్లండి.

ఇక రెట్టింపు మందు విషయం. గడ్డిని మందు నీటిలో నానబెట్టి శుద్ధి చేసే రసాయన పద్ధతికి సిఫారసు 100 లీటర్ల నీటికి కార్బెండజిమ్ 7.5 గ్రాములు, ఫార్మలిన్ 125 మిల్లీలీటర్లు, 16 నుంచి 18 గంటల నానబెట్టడం. అంతకు మించి పోస్తే స్పాన్ నుంచి అల్లుకునే తెల్లటి పుట్టగొడుగు దారాలకే దెబ్బ, ఫార్మలిన్ ఆవిరి పీల్చే మీకూ దెబ్బ. ఆ నీళ్లు కుంటలోకి వదిలితే చేపలకూ ముప్పే. మందులు అమ్ముకునే ఆయన మోతాదు పెంచమనే చెబుతాడు. పుట్టగొడుగుల సంగతి అతన్ని అడగడమేమిటి? కృషి విజ్ఞాన కేంద్రానికి ఒక ఫోన్ చేస్తే ఈ 13 బెడ్లు దక్కేవి.

నా మాట వింటే రసాయనం మానేసి వేడినీటి పద్ధతికి రండి. ఆ కోతలోనే వచ్చిన, వాన తగలని, బంగారు రంగు వరిగడ్డి తీసుకోండి. నల్లబడినది, ముక్కిన వాసన వచ్చేది, కోతకు ముందు తెగుళ్ల మందు కొట్టిన మడిలోది వద్దు. 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, మంచినీటిలో రాత్రంతా నానబెట్టండి. ఉదయం నీరు వంపేసి, గోనె సంచిలో నింపి, 80 డిగ్రీల నీటిలో పూర్తిగా మునిగేలా బరువు పెట్టి గంటసేపు ఉంచండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. గడ్డి వేయగానే నీటి వేడి పడిపోతుంది. మళ్లీ 80కి చేరినప్పటి నుంచే గంట లెక్కపెట్టాలి. చేత్తో చూసి అంచనా వేయకుండా థర్మామీటరు కొనండి.

తర్వాత డెట్టాల్ నీళ్లతో తుడిచిన పట్టా మీద నీడలో పరచండి. గుప్పిట్లో గట్టిగా పిండితే చుక్క రాలకూడదు, అరచేయి మాత్రం తడవాలి. నమ్మకం కుదరకపోతే తూచండి: 10 కిలోల ఎండుగడ్డి 26 కిలోల దగ్గర ఉంటే తేమ సుమారు 65 శాతం, సరిగ్గా సరిపోతుంది. 30 దాటితే ఇంకా ఆరబెట్టాలి. మీ రెండో విడత తూచి ఉంటే 30 పైనే వచ్చేదని నా అనుమానం.

గడ్డి పూర్తిగా చల్లారాకే స్పాన్ వేయండి, వేడి మీద వేస్తే చచ్చిపోతుంది. 26 కిలోల తడి గడ్డికి 500 నుంచి 800 గ్రాముల స్పాన్ చాలు. సంచి అడుగున కూడా రంధ్రాలు పెట్టండి. ముందు 5 బెడ్లే వేసి, 15 నుంచి 20 రోజుల్లో తెల్లగా అల్లుకున్నాకే మిగతావి వేయండి. ఆలోగా గది నేలను బ్లీచింగ్ పౌడర్ నీటితో కడిగి ఆరబెట్టండి.