వాన పడినా వలస ఎందుకు?

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. ఈసారి వాన లెక్క ప్రకారం సరిపోయిందని పేపర్లో వేశారు. అయినా చెనక్కాయ (వేరుశనగ) పోయింది, మా అన్నవాళ్లు మళ్లీ బెంగళూరుకు బిల్డింగ్ పనులకు వెళ్లిపోయారు. ఇదంతా వాతావరణ మార్పు వల్లేనా?

జవాబు: పేపర్ లెక్క తప్పు కాదండీ, కానీ అది మొత్తం కలిపి వేసిన లెక్క, చేనుకు దానితో పని లేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో పూల నుంచి ఊడలు నేలలోకి దిగి కాయ ఊరే సమయంలో వారాల తరబడి చినుకు లేకుండా, తీరా చెట్లు పీకి కుప్పలు వేశాక కుండపోత పోస్తే కాయా దక్కదు, పశువులకు మేతయ్యే చెనక్కాయ కట్టె కూడా కుళ్లిపోతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు కాబట్టి కురిస్తే ఒక్కసారే దంచికొట్టడం పెరుగుతోంది.

అలాగని నెపమంతా ఆకాశం మీదికి నెట్టేస్తే నేను ఒప్పుకోను. కొర్ర, సజ్జ, జొన్న వేసిన చేలల్లోకి కూడా చెనక్కాయే వచ్చింది, అది పోతే డబ్బూ లేదు, ఆ డబ్బుతో కొనాల్సిన తిండీ లేదు, విత్తనానికీ బోరుకూ తెచ్చిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది. మీ అన్నవాళ్లను కదిలించింది ఆ వడ్డీయేనని నా అనుమానం. దేశంలో ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మొదలైంది మన ఉమ్మడి జిల్లాలోని బండ్లపల్లిలోనే, కానీ చేసిన పనికి డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియకపోతే వారం వారం చేతిలో పెట్టే మేస్త్రీ దగ్గరికే ఎవరైనా పోతారు. కంది, అలసంద, కొర్ర కలిపి వేస్తే ఏదో ఒకటి ఇంటికి వస్తుంది, చెనక్కాయ బాగా పండిన ఏడాది వచ్చేంత డబ్బు రాకపోవచ్చు, అదీ నిజమే.

ప్రశ్న: మరి వాళ్లకు బెంగళూరులో మన రేషన్ కార్డు చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది, అది జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డయితే. ఆధార్ లింక్ అయి ఉండాలి, వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. నిరుపేద కుటుంబాలకిచ్చే అంత్యోదయ కార్డు కాకపోతే మనిషికి నెలకు 5 కిలోలు, కొంత వాళ్లు అక్కడ తీసుకుని మిగతాది ఊళ్లో ఉన్న అవ్వాతాతలు తీసుకోవచ్చు. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చే కార్డు మాత్రం పక్క రాష్ట్రంలో పనిచేయదు. మీది ఏ రకమో ఊరి సచివాలయంలో అడిగి వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.