మూసీ నీరు తేటగా ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: ప్రతాప సింగారం దగ్గర మూసీ నీటి మీద ఎకరం ఆకుకూరలు వేస్తున్నాం. పైన అంబర్‌పేట, నాగోలులో మురుగు శుద్ధి చేసే వదులుతున్నారంటారు. నీరూ కాస్త తేటగానే కనిపిస్తోంది. కొత్తిమీర, పుదీనాకు పెట్టొచ్చా? పరీక్ష ఎలా చేయించాలి?

జవాబు: పెట్టొద్దు. తేటదనాన్ని చూసి సూక్ష్మజీవుల లెక్క చెప్పలేం. శుద్ధి కేంద్రంలో గాలి ఊది, బురద తేర్చే దశలో మల కోలిఫాం (మలంతో నీటిలో చేరే బ్యాక్టీరియా) 90 నుంచి 99 శాతం పోతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పచ్చి మురుగులో 100 మిల్లీలీటర్లకు కోటి దాకా ఉంటాయి. 99 శాతం పోయినా లక్ష మిగులుతాయి. పచ్చిగా తినే పంటలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో పెట్టిన హద్దు 1,000. చివర్లో క్లోరిన్ గానీ, అతినీలలోహిత కాంతి గానీ సరిగ్గా పనిచేస్తేనే ఆ లక్ష దిగుతుంది. శుద్ధి కేంద్రం మొహం చూడకుండా నదిలో కలిసే నాలాలు ఎలాగూ ఉన్నాయి.

పరీక్షకు ల్యాబ్ నుంచే స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) సీసా తెచ్చుకోండి. ఒడ్డున కాదు, పారే చోట, జానెడు లోతున, మూతి ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టండి. కుదపడానికి పైన కొంచెం ఖాళీ ఉంచండి. ఐసు పెట్టెలో పెట్టి 6 గంటల్లో అందించండి, గడ్డకట్టనివ్వకండి. నమూనాను బాగా పలచన చేసి ఎంపీఎన్ (100 మిల్లీలీటర్లలో ఉండే బ్యాక్టీరియా అంచనా సంఖ్య) లెక్కించమని ముందే చెప్పండి. లేకపోతే ‘1,600 కంటే ఎక్కువ’ అని రాసిస్తారు. అది రెండు వేలో, రెండు లక్షలో తేలదు. నల్లబడితే చెడ్డనీరని చెప్పే హెచ్‌2ఎస్ సీసాలు బోరు నీటికి పనికొస్తాయి, మూసీకి దండగ. ఎలాగూ నల్లబడతాయి.

ప్రశ్న: కాలువ నీటిలో బ్లీచింగ్ పొడి కలిపితే?

జవాబు: డబ్బు నీళ్లపాలు. మురుగులోని సేంద్రియ పదార్థం, అమ్మోనియా క్లోరిన్‌ను ముందే మింగేస్తాయి. నులిపురుగుల గుడ్లు దానికి లొంగవు కూడా. అవి బరువుకు అడుగుకు చేరతాయి కాబట్టి, నీటిని గుంటలో కొన్ని రోజులు నిలిపి పైనీరు తోడుకోవడం మేలు. చల్లే స్ప్రింక్లర్ వద్దు, ఆకు తడవని డ్రిప్ పెట్టండి. కోతకు ముందు వారం పరీక్ష చేయించిన బోరు నీరే ఇవ్వండి.

ప్రశ్న: తొలకరి వానలకు నది శుభ్రపడుతుందా?

జవాబు: మొదటి వానకు నాలాల్లో పేరుకున్నదంతా నదిలోకే కొట్టుకొస్తుంది. ఆ రోజుల్లో మడులకు అసలే పెట్టకండి.