ఉద్యోగం మానకుండా రచన చదువుకోవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. బీకాం అయ్యాక పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. కథలు రాస్తుంటాను, కొన్ని అచ్చయ్యాయి కూడా. క్రియేటివ్ రైటింగ్, పబ్లిషింగ్ ఎక్కడైనా పార్ట్ టైమ్‌గా చదవాలని ఉంది. "కథలు రాయడానికి కాలేజీ ఏటే, ఆ డబ్బులు పెట్టి ఎంబీఏ చెయ్యి" అని ఇంట్లో రోజూ గొడవే. సర్టిఫికెట్ వల్ల ఉపయోగం ఉంటుందా? - ఎస్., గాజువాక

జవాబు: ఎస్. గారూ, సర్టిఫికెట్ చూసి ఏ సంపాదకుడూ కథ వేసుకోడండీ. ఆ ఆశ ఉంటే ముందే వదిలేయండి. అలాగని కోర్సు దండగ అనడం లేదు. మీరు అడిగినవి రెండు వేర్వేరు చదువులు, రెండింటికీ ఒకే జవాబు చెప్పలేను.

డ్యూటీ దిగి, కంపెనీ బస్సులో ఇల్లు చేరేసరికే చీకటి పడే మీలాంటివాళ్ళకి దూరవిద్యే కుదురుతుంది. ఇగ్నోకి, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, విశాఖలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. వాళ్ళ క్రియేటివ్ రైటింగ్ డిప్లొమాకి ఇంటర్ ఉంటే చాలు, తక్కువలో తక్కువ ఏడాది పడుతుంది. ఫీచర్లు, కథ, కవిత్వం, రేడియో టీవీ రచన అన్నీ ఉంటాయి గానీ అది ఇంగ్లిష్‌లో రాయడం నేర్పే కోర్సు. మీ కథలో మనిషి గుమ్మంలోకొచ్చి "ఏటయిందే, అలాగున్నావు?" అని అడుగుతుంది కదా, అసైన్‌మెంట్‌లో ఆమె చేత ఇంగ్లిష్ మాట్లాడించాలి! అందులో దొరికే లాభమల్లా గడువులోగా రాసి పంపే అలవాటు, రాసింది దిద్దే ఒక మనిషి. ఆ రెండూ మీకు ఇప్పటికే ఉంటే తెలుగు కథ కోసం ఆ కోర్సులో చేరమని నేను చెప్పను. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సాహిత్య సభలు జరుగుతుంటాయి. వెళ్ళండి, అక్కడ మొహమాటం లేకుండా మాట్లాడేవాళ్ళు ఒకరిద్దరు తగిలితే కథ పంపేముందు వాళ్ళకి చూపించండి.

పబ్లిషింగ్ సంగతి వేరు. అది చేతిపని, నేర్పితే వస్తుంది. ఇగ్నోలోనే బుక్ పబ్లిషింగ్‌లో పీజీ డిప్లొమా ఉంది, డిగ్రీ కావాలి, మీకు ఉంది. ఎడిటింగ్, ప్రొడక్షన్, అమ్మకాలు, చట్టం వగైరా చెబుతారు. కట్టేముందు ఈ సెషన్‌లో ఇస్తున్నారో లేదో ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. మన తెలుగులో చాలామంది రచయితలు సొంత డబ్బు పెట్టి పుస్తకం వేసుకుంటారు, కానీ ప్రెస్సుకి ఏమిచ్చి ఏం అడగాలో వాళ్ళలో చాలామందికి తెలియదు. ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టిన కథని ప్రెస్సుకి పేజీలు కూర్చే డీటీపీలో 'అను' అనే పాత రకం ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, 'లక్ష్మి', 'సామర్థ్యం' లాంటి మాటలు ముక్కలైపోతాయి, కంగారులో చూసిన ప్రూఫులో అవి కళ్ళకి కనపడవు. ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చువేసి మడిచే పేజీల కట్టని ఫారం అంటారు. డెమీ సైజు పుస్తకంలో ఫారానికి 16 పేజీలు. పుస్తకం 130 పేజీలకి తేలిందంటే తొమ్మిదో ఫారంలో రెండే పేజీలు నిండుతాయి, మిగతా పద్నాలుగూ ఖాళీ. రెండు పేజీలు తగ్గించి 128కి తెస్తే ఒక ఫారం ఖర్చు మిగులుతుంది. ఇది ముందే పసిగట్టి చెప్పే మనిషికి ఎప్పుడూ పని దొరుకుతుంది. పైగా మీరు అకౌంట్స్ మనిషి, లెక్క కట్టడం మీకు నేర్పక్కర్లేదు. ఇంట్లో ఎంబీఏ అన్నప్పుడు ఈ ఫారాల లెక్క చెప్పండి, కొంచెం చల్లబడతారు.

ఉద్యోగం మాత్రం మానకండి. రావిశాస్త్రి గారు ఈ ఊళ్ళోనే ప్లీడరీ చేస్తూ రాశారు, ఆయన కథల్లోకి మనుషులు కోర్టు వరండాల్లోంచే వచ్చారు. మీ కంపెనీ బస్సులో కథలు లేవంటే నేను నమ్మను.

ప్రశ్న: రెగ్యులర్‌గా బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. దానితో పాటు దూరవిద్యలో డిప్లొమా చేయవచ్చా? - మద్దిలపాలెం నుంచి ఒక విద్యార్థి

జవాబు: చేయొచ్చు బాబూ. ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి యూజీసీ 2022లోనే ఒప్పుకుంది. ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబర్‌లలో ఉంటాయి. మీ సెమిస్టర్ పరీక్షలు వాటి మీద పడతాయేమో చూసుకుని చేరు, తర్వాత టెన్షన్ పడొద్దు.

ప్రశ్న: నా కవితల పుస్తకం వేస్తామని ఒకరు డబ్బు అడుగుతున్నారు. ఐఎస్‌బీఎన్‌కి అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరుకి, వేరే చార్జీ అట. అగ్రిమెంట్ మీద వెంటనే సంతకం పెట్టమంటున్నారు. - ఆర్., అనకాపల్లి

జవాబు: పెట్టకండి. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, సొంతంగా వేసుకునే రచయిత కూడా ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. నంబర్ తెప్పించే శ్రమకి డబ్బు అడిగితే అడగనివ్వండి, కానీ అది ప్రభుత్వ ఫీజు అంటే మాత్రం అబద్ధం. ఇక అగ్రిమెంట్‌లో హక్కులు ఎంతకాలానికి రాసిస్తున్నారో చూడండి. కాలం రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం 5 ఏళ్ళకే లెక్క. అందుకే తెలివైనవాళ్ళు 'శాశ్వతంగా' అనే మాట ఏదో ఒక మూల ఇరికిస్తారు. అది కనిపిస్తే కొట్టేసి, పక్కన ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఒప్పుకోకపోతే డబ్బు మీ జేబులోనే ఉంచుకోండి.