ఉద్యోగిని తీసేయడం కష్టమైతే దేశంలో నిరుద్యోగం పెరుగుతుందా?

కచ్చితంగా పెరుగుతుందని చెప్పలేం. మొత్తం నిరుద్యోగం కంటే, అది ఎవరి మీద పడుతుంది, ఎంతకాలం ఉంటుంది అన్నవే తొలగింపును కష్టం చేసే చట్టాల వల్ల ఎక్కువగా మారతాయి.

తీసేసే ఖర్చు ఎక్కువైతే కంపెనీలు తొలగింపులు తగ్గిస్తాయి, కొత్తవాళ్లను తీసుకోవడానికీ జంకుతాయి. ఈ రెండూ చాలావరకు చెల్లుకు చెల్లు. నష్టపోయేది అప్పుడే చదువు ముగించినవాళ్లు.

స్పెయిన్‌నే చూడండి. 2008 నాటికి అక్కడ పర్మనెంట్ ఉద్యోగిని అన్యాయంగా తొలగిస్తే ఏడాది సర్వీసుకు 45 రోజుల జీతం చెల్లించాలి. తాత్కాలిక కాంట్రాక్టు ముగిస్తే 8 రోజులదే. మాంద్యం రాగానే వేటు తాత్కాలికుల మీదే పడింది. 2013లో నిరుద్యోగం 26 శాతం దాకా వెళ్లింది, యువతలో సగానికి పైనే. (ఇళ్ల నిర్మాణ రంగం కూలడమూ ఒక కారణమే.) జర్మనీలోనూ తొలగింపు తేలిక కాదు. 2009లో దాని జీడీపీ స్పెయిన్ కంటే ఎక్కువ పడిపోయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. అక్కడి కుర్జార్బైట్ పథకంలో కంపెనీ పనిగంటలు తగ్గిస్తే, కోల్పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం, ప్రభుత్వ నిరుద్యోగ బీమా భరిస్తుంది.

చట్టాలు సడలిస్తే ఉద్యోగాలు వాటంతటవే పుడతాయన్నది చాలామంది పడే పొరపాటు. స్పెయిన్ 1984లో తాత్కాలిక కాంట్రాక్టులకు తలుపులు బార్లా తీసింది. పర్మనెంట్ రక్షణలను మాత్రం ముట్టుకోలేదు. దాంతో యువత ఒక కాంట్రాక్టు నుంచి ఇంకో కాంట్రాక్టుకు తిరుగుతూ ఉండిపోయింది.