బుజ్జిగాడితో ఓడ ప్రయాణం: పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

మీరంతా కలిసి క్రూయిజ్‌కి వెళ్తున్నారని, బుజ్జిగాడి గురించే టెన్షన్‌గా ఉందని రాశావు. రెండున్నరేళ్ల పిల్లాడితో సెలవులకు వెళ్లాలంటే ఓడంత సుఖం ఇంకోటి లేదని నా అభిప్రాయం. పెట్టెలు ఒక్కసారి విప్పితే చాలు, ఊరు మారినా గది మారదు. వాడికి నిద్రొచ్చే వేళకి మంచం నాలుగడుగుల్లో ఉంటుంది. వంట పని లేదు, గిన్నెల పని లేదు. కాబట్టి భయపడకుండా వెళ్లండి.

ఏమేం సర్దుకోవాలని అడిగావు కదా, అది తర్వాత చెప్తాను. దానికంటే ముందు మీరు ఇంట్లోనే కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఏ వేళలో పిల్లాణ్ని ఎవరు చూసుకుంటారు? మీ అత్తగారు, మామగారు, మీ బావగారి కుటుంబం, మీరిద్దరూ, ఇంతమంది ఉన్నారు కదా, ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారులే అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే పిల్లలు కళ్లుగప్పి జారుకుంటారు. తోడికోడలు చూస్తోందని నువ్వు, నువ్వు చూస్తున్నావని మీ అత్తగారు అనుకుంటూ ఉండగానే వాడు మెట్ల దగ్గర తేలతాడు. ఓడలో స్విమ్మింగ్ పూల్‌లు ఉంటాయి, బాల్కనీలు ఉంటాయి, ఒకేలా కనిపించే వరండాలు ఉంటాయి, వేలమంది కొత్తవాళ్లు ఉంటారు. అందుకని ఒక పూటకి ఒకరు అని పేరు పెట్టి అనుకోండి. వంతు మారేటప్పుడు "ఇప్పట్నుంచి వీడు నా దగ్గర" అని పైకి అనాలి. తల ఊపితే చాలదు. వంతులో ఉన్నవాళ్ల ఫోన్ సంచిలో ఉండాలి. మీ మామగారికి మోకాళ్ల నొప్పులు కదా, ఆయన్ని పూల్ దగ్గర కాపలా పెట్టకండి. మధ్యాహ్నం వాడు నిద్రపోయే వేళ గదిలో ఆయన్ని ఉండమంటే ఆయనకీ విశ్రాంతి, మీ ఇద్దరికీ రెండు గంటలు దొరుకుతాయి. ఇలా వంతులు వేసుకుంటే మిగిలినవాళ్లు గిల్టీగా అనుకోకుండా సరదాగా తిరగొచ్చు.

ఇక బుకింగ్. చాలా కంపెనీలు ఆరు నెలలు నిండని పిల్లల్ని ఎక్కించుకోవు. మహాసముద్రం దాటే ప్రయాణాలకైతే ఏడాది నిండాలంటాయి. ఓడలో డాక్టరు ఉంటారు గానీ పిల్లల ఆస్పత్రి ఉండదు, ఒడ్డు చేరడానికి రోజులు పట్టొచ్చు, అందుకే ఆ నియమం. బుజ్జిగాడికి ఆ ఇబ్బంది లేదు. వాడికి అడ్డం వచ్చేది డైపర్. పిల్లల క్లబ్బులున్నాయి కదా, అక్కడ వదిలి హాయిగా ఉందామనుకుంటారు చాలామంది. రాయల్ కరీబియన్ కంపెనీ ఓడల్లో ఆ క్లబ్బు మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లలకే. కార్నివాల్ కంపెనీ ఓడల్లో రెండేళ్ల నుంచే తీసుకుంటారు. డిస్నీ ఓడల్లో మూడేళ్లలోపు పిల్లలకి నర్సరీ ఉంది, గంటకింత అని విడిగా కట్టాలి, ముందే బుక్ చేసుకోకపోతే ఖాళీ దొరకడం కష్టం. ఒక్కో ఓడకి ఒక్కో పద్ధతి, అవి మారుతూ కూడా ఉంటాయి. డబ్బు కట్టకముందే "మా వాడికి రెండున్నర, డైపర్ ఉంది, ఏమేం కుదురుతాయి?" అని సూటిగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకో.

పూల్ సంగతీ అంతే. డైపర్ వాడే పిల్లల్ని, అది ఈతకోసం చేసిన డైపర్ అయినా సరే, పెద్ద పూల్‌లోకి దిగనివ్వరు. నీళ్లు అందరికీ ఒకటే కాబట్టి అది న్యాయమే. కొన్ని ఓడల్లో పసివాళ్ల కోసం నీళ్లు చిమ్మే చోటు విడిగా కడతారు. మీ ఓడలో అది ఉందో లేదో కనుక్కో. లేకపోతే, నీళ్లు చూపించి దిగొద్దంటే వాడు రోజంతా ఏడుస్తాడు. ఎక్కడ ఆడినా, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో పెద్దవాళ్లు ఉండాలి. లైఫ్‌గార్డు అన్ని ఓడల్లోనూ ఉండరు. ఉన్నా నిశ్చింతగా కూర్చోవద్దు. మునిగే పిల్లలు చేతులు కొట్టుకుని అరుస్తారనుకుంటాం గానీ చాలాసార్లు చప్పుడే రాదు. చేతులకి తొడిగే గాలి బుడగలు ఆటవస్తువులు, రక్షణ కాదు. ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ వెయ్యి, చాలా ఓడల్లో అడిగితే ఇస్తారు.

గది ఎంచుకునేటప్పుడు ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోండి. ముందు భాగం, వెనక భాగం, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. డిస్కో, థియేటర్ లాంటివి తలమీద గానీ కాళ్లకింద గానీ లేకుండా డెక్ ప్లాన్‌లో, అంటే ఓడ అంతస్తుల పటంలో, చూసుకోండి. పైనా కిందా గదులే ఉంటే రాత్రి నిశ్శబ్దం. కిటికీ లేని గది చవక, పగలు కూడా చీకటిగా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం నిద్రకి బాగుంటుంది. కానీ తెల్లారిందో లేదో తెలీక వాడు అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు, చిన్న బ్యాటరీ లైటు తీసుకెళ్లు. బాల్కనీ ఉంటే పిల్లాడు పడుకున్నాక అక్కడ కూర్చుని మాట్లాడుకోవచ్చు, నాకది ఇష్టం. అయితే బాల్కనీలో కుర్చీలు, బల్ల రెయిలింగ్‌కి దూరంగా, వీలైతే గదిలోకి లాగేసి ఉంచాలి. రెయిలింగ్ ఎంత ఎత్తున్నా కుర్చీ ఎక్కితే ఎత్తు తగ్గినట్టే. తలుపుకి పైన ఉండే గడియ ఎప్పుడూ వేసి ఉంచండి. పిల్లాణ్ని ఒక్క నిమిషం కూడా అక్కడ ఒంటరిగా వదలొద్దు, ఎత్తుకుని రెయిలింగ్ దగ్గర ఫొటోలు తీయొద్దు. ఈ ఒక్కదాంట్లో మాత్రం ఎవరు నవ్వినా మొండిగా ఉండు.

తలుపుల గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. గది తలుపు మంటల్ని ఆపేలా చేస్తారు కాబట్టి బరువుగా ఉంటుంది, దానంతటదే మూసుకుంటుంది. బాల్కనీ తలుపు తెరిచి ఉన్నప్పుడు వరండా వైపు తలుపు తీశావనుకో, గాలి ఒక్కసారిగా దూసుకొచ్చి దాన్ని ధడాలున కొడుతుంది. సరిగ్గా అప్పుడే పిల్లలు తలుపు అంచు పట్టుకుని నిలబడి ఉంటారు. అందుకని ఒకటి మూశాకే రెండోది తెరవాలి, తెరిచినప్పుడు పిల్లాడి రెండు చేతులూ నీ చేతుల్లో ఉండాలి. బాత్రూమ్ గడప కూడా ఎత్తుగా ఉంటుంది, మొదటి రోజు పెద్దవాళ్లకే కాలు తగులుతుంది. వాణ్ని నాలుగైదుసార్లు ఎక్కించి దింపు, అలవాటైపోతుంది. స్నానానికి చాలా గదుల్లో షవర్ మాత్రమే ఉంటుంది. షవర్ అంటే వాడు ఏడిస్తే గాలి ఊదుకునే చిన్న టబ్ పెట్టెలో మడిచి పెట్టుకో. మంచం పక్కన వేసే పిల్లల తొట్టి కావాలని బుక్ చేసేటప్పుడే రాయించు. అది వేశాక గదిలో నడిచే చోటు ఉండదు, తెలిసే వెళ్లు.

ఓడ ఎక్కే రోజు పెట్టెలు రేవులోనే తీసుకుంటారు. అవి గది దగ్గరికి వచ్చేసరికి ఒక్కోసారి సాయంత్రం దాటుతుంది. అందుకే ఆ రోజుకి కావాల్సినవన్నీ చేతిసంచిలో ఉండాలి. డైపర్లు, రెండు జతల బట్టలు, మందులు, పాలసీసా, ఈత బట్టలు, వాడు పట్టుకుని పడుకునే బొమ్మ, అందరి పాస్‌పోర్టులు. మిగతా రోజులకి డైపర్లు, పాలపొడి ఇంటి నుంచే లెక్కకి మించి తీసుకెళ్లు. ఓడలో దుకాణం ఉంటుంది గానీ వాడి సైజు దొరుకుతుందన్న నమ్మకం లేదు. సీసా వేడిచేసే పరికరాలు, కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటి వేడెక్కే సామాను చాలా ఓడల్లో రానివ్వరు. మంటల భయం. వేడినీళ్లు అడిగితే గదికి తెచ్చిస్తారు. స్ట్రోలర్ గొడుగులా మడిచేదే తీసుకో. పెద్దది గది తలుపులో పట్టదు, వరండాలో పెట్టనివ్వరు.

ఎక్కిన రోజే సేఫ్టీ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే అభ్యాసం, ఉంటుంది. విసుగనిపించినా తప్పకుండా వెళ్లండి. 2012 జనవరిలో ఇటలీలో గిగ్లియో దీవి దగ్గర కోస్టా కాంకార్డియా ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కిన వందలమందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. అప్పటిదాకా ఎక్కిన 24 గంటల్లోపు చేస్తే సరిపోయేది. 2015 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో చేయాలని అంతర్జాతీయ నియమం మార్చారు. మీరు చూడాల్సింది బుజ్జిగాడి లైఫ్ జాకెట్. అవి బరువుని బట్టి ఉంటాయి: 15 కిలోల లోపు పసివాళ్లది ఒకటి, 15 నుంచి 43 కిలోల దాకా పిల్లలది ఇంకోటి. గదిలో పెద్దవాళ్లవే కనిపిస్తే వెంటనే అడిగి వాడి సైజుది తెప్పించుకుని ఒకసారి తొడిగి చూడు. హెచ్చరిక మోత ఏడుసార్లు పొట్టిగా, చివర ఒకసారి పొడుగ్గా వస్తుంది. పిల్లలు ఆ చప్పుడికి బెదిరిపోతారు. ఇంట్లోనే నోటితో ఆ మోత చేసి ఆటలా ఆడించండి, అక్కడ విన్నప్పుడు గుర్తుపడతాడు. చాలా ఓడల్లో పిల్లల చేతికి ఒక బ్యాండ్ కడతారు. ప్రమాదం వస్తే వాణ్ని ఎక్కడికి చేర్చాలో దానిమీద ఉంటుంది. ప్రయాణం అయ్యేదాకా తీయకు.

సముద్రం పడకపోవడం, అంటే ఓడ ఊగితే కడుపులో తిప్పడం గురించి అడిగావు. రెండేళ్ల లోపు పిల్లలకి ఇది అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య ఎక్కువ. మనవాడు సరిగ్గా అందులోకే అడుగుపెట్టాడు. కడుపు ఖాళీగా ఉంచకు, నిండుగానూ పెట్టకు. మొహం తెల్లబడి ఊరికే ఆవలిస్తుంటే బొమ్మలు, ఫోన్ తీసేసి డెక్ మీదికి తీసుకెళ్లి దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత చూపించు. మందు మాత్రం పిల్లల డాక్టర్ని అడిగాకే. కొందరు పిల్లలు ఆ మందుకి మగతగా పడుకోవాల్సింది పోయి ఇంకా చిరాకుపడతారు, అందుకని ఒక డోసు ఇంటి దగ్గరే వేసి చూడొచ్చేమో డాక్టర్నే అడుగు. దీనికే పెద్దవాళ్లు చెవి వెనక అంటించుకునే స్కోపలమిన్ మందు ప్యాచ్ వాడికి వద్దు. మీ అత్తగారు వాడితే తీసేసిన ప్యాచ్ వాడి చేతికి అందకుండా మడిచి పారేయమను.

వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ ఓడల్లో త్వరగా పాకుతుంది. దానికి శానిటైజర్ సరిగా పనిచేయదు. బఫేకి వెళ్లే ముందు, బాత్రూమ్ నుంచి వచ్చాక సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడగాలి, వాడివీ మీవీ. అమెరికా రేవులకి వచ్చే ఓడలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 1975 నుంచి తనిఖీ చేసి మార్కులు వేస్తోంది, నూటికి 86 వస్తేనే పాస్. మీ ఓడ అటువైపు తిరిగేదైతే దాని మార్కులు ఎవరైనా చూసుకోవచ్చు.

రాత్రి భోజనానికి చాలా ఓడల్లో తొందర వేళ, ఆలస్యం వేళ అని రెండు ఉంటాయి. అందరూ ఆలస్యం వేళే తీసుకుందామంటారు, ఒప్పుకోకు. రాత్రి ఎనిమిదికి బల్ల దగ్గర కూర్చోబెడితే వాడు నిద్రకళ్లతో గొడవ చేస్తాడు, నువ్వు ముద్ద తినలేవు. తొందర వేళకి వెళ్లి, వాడికి పండో బ్రెడ్డో ముందుగానే పెట్టేయమని వడ్డించేవాళ్లకి మొదటిరోజే చెప్పు. పెద్దవాళ్లు కావాలంటే విడిగా వెళ్తారు.

రేవుల్లో దిగే రోజులు నా ఉద్దేశంలో సగం మానేయొచ్చు. అందరూ దిగినప్పుడు ఓడ ఖాళీగా ఉంటుంది, పిల్లాడు తనివితీరా ఆడుకుంటాడు. దిగితే నిద్రవేళకి వెనక్కి వచ్చేలా దగ్గరి చోటే చూసుకోండి. కొన్ని రేవుల్లో ఓడ దూరంగా ఆగి చిన్న పడవల్లో తీసుకెళ్తారు, అప్పుడు స్ట్రోలర్ మడిచి పిల్లాణ్ని ఎత్తుకోవాలి. గడియారం ఓడ టైమే చూపించాలి, ఫోన్‌లో ఆ ఊరి టైము వేరుగా ఉండొచ్చు. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగదు. ట్యాక్సీల్లో పిల్లల సీటు ఉంటుందనుకోవద్దు, ముందే అడుగు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఓడ మీద చికిత్స, అక్కడి నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు రెండూ వస్తాయా చూడండి. ఓడ డాక్టరు ఫీజు విడిగా కట్టాలి. పాస్‌పోర్టు గడువు ప్రయాణం తర్వాత ఇంకా ఆరునెలలు ఉండాలి, వాడిది కూడా. ఒకే దేశంలోకి రెండుసార్లు వస్తే వీసా కూడా రెండుసార్లు రానిచ్చేదై ఉండాలి. ఈ పని అల్లుడుగారికి అప్పజెప్పు, ఆయన కాగితాల విషయంలో జాగ్రత్త మనిషి.

ఓడ పేరు, గది నంబరు రాగానే నాకు పంపు. డెక్ ప్లాన్ చూసి నీ గది పైనా కిందా ఏమున్నాయో చెప్తాను, బాగోకపోతే మార్చుకోవడానికి ఇంకా టైముంటుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ