పోలో జీటీ కొనేముందు గేర్‌బాక్స్ డబ్బులు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 30. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు చేతికి 88,000 వస్తుంది. అద్దె 19,000, ఖమ్మంలో ఉన్న అమ్మానాన్నలకు 12,000, ఎస్ఐపీలు 15,000, మిగతా ఖర్చులు 20,000. ఎఫ్‌డీలో 3.5 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 1.75 లక్షలు ఉన్నాయి. వచ్చే మాఘంలో పెళ్లి అనుకుంటున్నాం. కాలేజీ రోజుల నుంచి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ అంటే పిచ్చి. ఇప్పుడు ఒక డీలర్ దగ్గర 2016 మోడల్ ఉంది. సెకండ్ ఓనర్, 74,000 కిలోమీటర్లు తిరిగింది, ధర 5.75 లక్షలు. 1.75 లక్షలు నేను కడితే మిగతా 4 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల లోను వాళ్లే ఇప్పిస్తారట. ఈఎంఐ దాదాపు 15,800. అవసరమైతే ఎస్ఐపీ కొన్నాళ్లు ఆపుతాను. బెంగళూరులో ఇలాంటిదే 5.1 లక్షలకు ఉంది. నాన్నేమో ఆ డబ్బుతో కొత్త ఆల్టో కొనుక్కోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కారు సంగతి తర్వాత. మీరు రాసిన ఈఎంఐ చూడగానే నేను కాలిక్యులేటర్ తీశాను. 4 లక్షలకు 14 శాతం చొప్పున, కట్టిన అసలు తగ్గిస్తూ లెక్కేస్తే మూడేళ్లకు ఈఎంఐ 13,700 కూడా రాదు. మీకు 15,800 ఎందుకు చెప్పారు? ఎందుకంటే అది ఫ్లాట్ వడ్డీ. మొదటి నెల ఉన్న 4 లక్షల అప్పుకు వేసిన వడ్డీనే, మీరు ముప్పావు వంతు తీర్చేశాక కూడా వేస్తారు. 4 లక్షలకు ఏడాదికి 56,000 చొప్పున మూడేళ్లకు 1.68 లక్షలు. బ్యాంకులు చెప్పే పద్ధతిలోకి మారిస్తే ఇది 24 శాతం దాటుతుంది. తేడా దాదాపు 76,000. ‘14 శాతం’ అన్న మాట రెండు చోట్లా ఒకటే వినిపిస్తుంది కాబట్టి అడగాల్సింది ఒక్కటే: ఫ్లాటా, రెడ్యూసింగా? డీలర్ నసిగితే ఫ్లాటేనని అర్థం.

మీ బ్యాంకులోనే కార్ లోన్ అడిగితే పోదా అంటారేమో. పాత కార్ల విషయంలో చాలా బ్యాంకులు లోను తీరేనాటికి కారు వయసు పదేళ్లు దాటకూడదంటాయి. 2016 కారుకు మూడేళ్ల లోను వాళ్ల లెక్కలో ఇమడదు. ఫైనాన్స్ కంపెనీలు వయసు దగ్గర కాస్త సాగదీస్తాయి, వడ్డీని కూడా అలాగే సాగదీస్తాయి.

ఇప్పుడు నెలవారీ లెక్క. మీకు మిగిలేది 22,000. ఈఎంఐ 15,800. నెలకు 800 కిలోమీటర్లు తిప్పారనుకుందాం. మన సిటీ ట్రాఫిక్‌లో ఈ కారు లీటరుకు పది ఇస్తే సంతోషించాలి. 80 లీటర్లు, లీటరు 107 లెక్కన 8,500 పైనే. ఇక్కడికే 24,300 అయింది, మిగులు దాటిపోయాం. ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లు, పార్కింగ్ కలిపి నెలకు ఇంకో ఐదారు వేలు వేసుకోండి. మొత్తం 30,000. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో మీరే రాశారు: ‘ఎస్ఐపీ కొన్నాళ్లు ఆపుతాను’. ఆ ‘కొన్నాళ్లు’ ఈ లెక్కలో మూడేళ్లు. మధ్యలో పెళ్లి.

ఇంకో విషయం. మీ 3.5 లక్షల ఎఫ్‌డీకి మూడు పేర్లున్నాయి. ఉద్యోగం పోతే అదే ఎమర్జెన్సీ ఫండ్. మాఘం వస్తే అదే పెళ్లి డబ్బు. కారు రిపేరుకు వస్తే? సేవింగ్స్ ఖాతా మొత్తం డౌన్‌ పేమెంట్‌కి పోయింది కదా, అప్పుడూ అదే.

కారు రిపేరుకు వస్తుందా అంటే, ఈ కారులో ఎక్కడ రావచ్చో చాలామందికి తెలుసు. 1.2 లీటర్ల టర్బో ఇంజిన్, 105 హార్స్‌పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్. నడిపినవాళ్లు మర్చిపోలేరు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ గేర్‌బాక్స్‌లో ఉన్నవి డ్రై క్లచ్‌లు, అంటే ఆయిల్‌లో మునిగి చల్లబడేవి కావు. ఔటర్ మీద హాయిగా ఉంటాయి. సాయంత్రం ఆరున్నరకు బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర అడుగడుగునా ఆగుతూ పాకుతుంటే వేడెక్కుతాయి, త్వరగా అరుగుతాయి. గేర్లు మార్చే మెదడు లాంటి మెకట్రానిక్ యూనిట్ ఇంకా ఖరీదైనది. 2013లో ఈ రకం ఏడు గేర్ల బాక్సుల్లో సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయడానికి కంపెనీ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. మీరు చూసిన కారులో సమస్య ఉందని నేననడం లేదు. వస్తే బిల్లు లక్ష దాటడం మామూలు, రెండు లక్షలైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. అది ఇన్సూరెన్స్ ఇచ్చే డబ్బు కాదు. గుద్దుకుంటే, వరదలో మునిగితే, దొంగతనమైతే పాలసీ పలుకుతుంది. అరిగిపోతే పలకదు.

ఇదంతా పుస్తకం చదివి చెబుతున్నది కాదు. పెళ్లయిన కొత్తలో నేనూ ఒక ఎర్ర హ్యాచ్‌బ్యాక్ కొన్నాను, తొమ్మిదేళ్లది, 1.35 లక్షలకు. పేరెందుకులెండి. ‘టైమింగ్ బెల్ట్ మార్పించాను సార్’ అన్నాడు అమ్మినాయన, బిల్లు అడగాలని నాకు తోచలేదు. రెండో వానాకాలం, విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక టప్‌మని శబ్దం వచ్చి కారు ఆగిపోయింది. నాలుగు రోజుల తర్వాత షెడ్డుకు వెళ్తే మెకానిక్ పాత న్యూస్‌పేపర్ పరిచి, దాని మీద ఇంజిన్ వాల్వులు వరసగా పేర్చి పెట్టాడు. ఒక్కటీ నిటారుగా లేదు. బెల్ట్ తెగితే పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయని అప్పుడే తెలిసింది. టైముకి మార్చి ఉంటే బెల్ట్ ఖర్చు మూడున్నర వేలు. నేను కట్టింది 48,000. మా ఆవిడ పుట్టింటివాళ్లు ఇచ్చిన డబ్బుతో వేసిన ఆర్‌డీ తెంచి కట్టాను. ఆ సంగతి ఇప్పటికీ ఏడాదికోసారైనా మా ఇంట్లో ప్రస్తావనకు వస్తుంది.

అందుకే పాత స్పోర్టీ కారు కొంటామని వచ్చేవాళ్లకు నేను ఒకే షరతు పెడతాను. కారు ధరతో పాటు, ఆ కారులో పోగల అతి ఖరీదైన పార్టు ధర కూడా విడిగా చేతిలో ఉండాలి. ఎఫ్‌డీ అనీ, క్రెడిట్ కార్డు అనీ చెప్పకూడదు. మీ విషయంలో అది 5.75 ప్లస్ 2, మొత్తం 7.75 లక్షలు, పెళ్లి డబ్బూ ఎమర్జెన్సీ డబ్బూ ముట్టకుండా. ఇప్పుడు మీ దగ్గరున్నది 1.75. కాబట్టి ఈ కారు, ఈ లోనుతో, ఈ ఏడాది వద్దు.

బెంగళూరు కారు గురించి. 65,000 తక్కువ అన్నది పైకి కనిపించే లెక్క. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, తెలంగాణ నంబర్ వేయించాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. కర్ణాటకలో కట్టిన టాక్స్‌లో మిగిలిన భాగం రీఫండ్ వస్తుంది, కానీ దాని కోసం మీరు తిరగాలి, పాత ఓనర్ సహకరించాలి. రెండు సెలవులు, కారు తెచ్చే పెట్రోలు, ఏజెంట్ ఖర్చు కలిపితే మిగిలేది పెద్దగా ఉండదు.

మరి మీ పదేళ్ల కోరిక ఏం కావాలి? దాన్ని చంపుకోమనను. డబ్బు సలహాలిచ్చే మా వృత్తిలో చాలామంది కారు అనగానే ‘తరిగిపోయే ఆస్తి’ అని పాఠం మొదలుపెడతారు. బిర్యానీ కూడా తరిగిపోయేదే, అయినా తింటున్నాం కదా. సరదాకు ఖర్చు పెట్టండి, అప్పు చేసి మాత్రం పెట్టకండి.

ఒక పని చేయండి. ఆ 15,800 ఈఎంఐని ఈ నెల నుంచే కట్టడం మొదలుపెట్టండి, మీ పేరు మీదే, ఒక ఆర్‌డీకి. ఎస్ఐపీ జోలికి పోకండి. ఆర్నెల్లు టెన్షన్ లేకుండా కట్టగలిగితే కారు ఖర్చులో ఒక భాగాన్ని మోయగలరని తేలినట్టే. మూడో నెలకే తడబడితే, ఆ తడబాటు ఫైనాన్స్ కంపెనీ దగ్గర కాకుండా మీ ఆర్‌డీ దగ్గరే జరిగిందని ఊపిరి పీల్చుకోండి. పెళ్లికి ఎంత కావాలో తేల్చుకుని, మాఘం దాటాక మళ్లీ లెక్క చూడండి. రెండేళ్లు కడితే 3.79 లక్షలు, ఇప్పుడున్న 1.75తో కలిపి, వడ్డీ కాక, ఐదున్నర లక్షలు. అప్పటికి ఇంట్లో రెండు జీతాలు ఉంటే ఇంకా తొందరగానే చేరవచ్చు.

ఆ ఐదున్నరలో గేర్‌బాక్స్ కోసం రెండు లక్షలు పక్కన పెట్టి, మూడున్నరకు మించి కారుకు పెట్టకండి. ఆ ధరకు మంచి జీటీ దొరక్కపోతే మాన్యువల్ గేర్ ఉన్నవి చూడండి. అక్కడ క్లచ్ పోతే వేలల్లో పోతుంది, లక్షల్లో కాదు. 2017 నుంచి 2020 దాకా అమ్మిన బలెనో ఆర్ఎస్ ఉంది, 1 లీటరు టర్బో, 102 హార్స్‌పవర్. పేరుకు మారుతీయే అయినా ఆ టర్బో పార్టులు మామూలు బలెనోవి దొరికినంత సులువుగా దొరకవు. పోలోనే కావాలంటే, 2020 నుంచి 2022లో ఆపేసేదాకా వచ్చిన 1.0 టీఎస్ఐ మాన్యువల్ నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైన ఎంపిక. ధర ఎక్కువే, ఇంకో ఏడాది ఆగాల్సి రావచ్చు.

కొనే రోజు వచ్చినప్పుడు పొద్దున్నే వెళ్లండి, చెప్పకుండా కాస్త ముందే. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వేడిగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజిన్ చేసే చప్పుళ్లు మీరు వినకూడదని వాళ్ల ఉద్దేశం కావచ్చు. ఆటోమేటిక్ అయితే డీ (ముందుకు) నుంచి ఆర్‌కి (వెనక్కి), ఆర్ నుంచి డీకి మార్చి చూడండి. ఫ్లైఓవర్ ఎక్కుడులో ట్రాఫిక్‌లో పాకించండి. జర్క్ ఇస్తే వెనక్కి వచ్చేయండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3519 అంటే 2019లో 35వ వారం తయారైందని. మీటరు 74,000 చూపిస్తుంటే సర్వీసు బిల్లుల్లో కిలోమీటర్లు వరసగా పెరుగుతూ అక్కడికి చేరాయా చూడాలి. ఇలాంటి కార్లకు కుర్రాళ్లు రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి పవర్ పెంచుతారు, అమ్మేటప్పుడు మళ్లీ మామూలుగా చేసేస్తారు. గేర్‌బాక్స్ పడ్డ పాట్లు మాత్రం అలాగే ఉంటాయి. అది పసిగట్టాలంటే ఈ కార్లు చేసే మెకానిక్‌ను స్కానర్‌తో సహా తీసుకెళ్లాలి. మూడు నాలుగు వేలు అడుగుతాడు. అక్కడ బేరమాడటం ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టుకున్నట్టే.

కాగితాల్లో రెండు ముఖ్యం. ఆర్‌సీలో పాత లోను తాలూకు హైపోథికేషన్ (కారు తాకట్టులో ఉందన్న నమోదు) తీసేశారా, చలాన్లు పెండింగ్ ఉన్నాయా చూడండి. ట్రాన్స్‌ఫర్ అయిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చుకోవాలి, లేకపోతే మీ కారుకు దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్, ఆయనతోనే పోతుంది, మీకు సున్నా నుంచి మొదలు. ఇంత పాత కారుకు జీరో డెప్, అంటే పార్టుల ధరలో తరుగు కోయని పాలసీ, దొరకడం కష్టం. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ పార్టుల ఖర్చులో సగం మీదే.

ఇక నాన్నగారి ఆల్టో. దానికీ మీకు లోను కావాలి కాబట్టి ఈ ఏడాది అదీ వద్దు. కానీ ఆయన అడుగుతున్నది ఆల్టో కాదేమో, మీరు దారిలో ఆగిపోకూడదనేమో. టెస్ట్ డ్రైవ్‌కు ఆయన్నీ అమ్మనీ తీసుకెళ్లండి. ముందు సీటు మీకు సరిపోయేలా జరుపుకుని, వాళ్లిద్దరినీ వెనక కూర్చోబెట్టి ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పండి. పోలో వెనక సీటులో మోకాళ్లకు చోటు తక్కువ. ఖమ్మం 200 కిలోమీటర్లు, పెళ్లయ్యాక మీరు నలుగురు.