చేతన్ భగత్ నవలలను విమర్శకులు తీసిపారేసినా కుర్రకారు ఎందుకు ఎగబడి చదివారు?

ధర ఒక కారణం. 2004లో ఆయన తొలి నవల ‘ఫైవ్ పాయింట్ సమ్‌వన్’ను రూపా ప్రచురణ సంస్థ 95 రూపాయలకే అమ్మింది. కాలేజీ పిల్లల జేబుకు అది అందే ధర.

అంతకన్నా పెద్ద కారణం భాష అని నా నమ్మకం. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంజినీరింగ్‌లో ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో పడ్డవాళ్లు ఎందరో. డిక్షనరీ ముట్టకుండా చివరిదాకా చదవగలిగిన ఇంగ్లిష్ నవల చేతికి దొరికితే వచ్చే ధైర్యం మామూలుది కాదు. విమర్శకులు దీన్ని లెక్కలోకే తీసుకోలేదు. వాక్యం చప్పగా ఉందన్నారు, పాత్రల్లో లోతు లేదన్నారు. అది నిజమే. కానీ ఆ నవలలో ఉన్నది ఐఐటీ ఢిల్లీ హాస్టల్లో గ్రేడ్లు పదికి ఐదు దగ్గరే ఆగిపోయిన ముగ్గురు స్నేహితులు, ప్రొఫెసర్ కూతురితో ప్రేమ... మార్కుల టెన్షన్‌లో బతికేవాళ్లకు అది అచ్చంగా తమ కథే. పేరున్న ఇంగ్లిష్ నవలల్లో అలాంటి కుర్రాళ్లు వాళ్లకు పెద్దగా కనిపించలేదు.

మన దగ్గర 1980ల్లో యండమూరి వీరేంద్రనాథ్ విషయంలోనూ ఇదే జరిగింది. క్షుద్ర సాహిత్యమని ఎంత దుమ్మెత్తిపోసినా, వారపత్రికలో వచ్చే ఆయన సీరియల్ తర్వాతి భాగం కోసం జనం వారమంతా ఎదురుచూశారు. కథను ఎక్కడ ఆపితే పాఠకుడికి నిద్ర పట్టదో ఆయనకు బాగా తెలుసు.